నాలుగు ముక్కల్లో నిండు మాట

1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో ఒక ఇంజినీరు తొలి ఎస్సెమ్మెస్ పంపాడు. అందులో ఉన్నవి రెండే మాటలు, క్రిస్మస్ శుభాకాంక్షలు. అప్పట్లో ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిషు అక్షరాలు 160 పట్టేవి. 2006లో వచ్చిన ట్విట్టర్ అందులో 20 పేరుకు వదిలి, మాటకు 140 ఉంచింది. 2017లో దాన్ని 280 చేసింది. ఇప్పుడు వాట్సాప్‌లో పేజీలకు పేజీలు రాసుకోవచ్చు. కానీ చదివేవాళ్ల తీరిక మాత్రం పెరగలేదు. బస్సులో నిలబడి, పొయ్యి మీద తాలింపు వేస్తూ, కొట్లో బిల్లు కొడుతూ మన మెసేజ్ చూస్తారు.

కాబట్టి క్లుప్తంగా రాయాలి. అలాగని మాటలు తెగ్గొట్టేస్తే సరిపోదు. అవతలివాళ్లు మళ్లీ అడగనక్కర్లేకుండా చెప్పగలిగితేనే అది క్లుప్తత. ఇది సాధనతో ఎవరికైనా వస్తుంది.

విషయం ముందు

‘హాయ్’ అని పంపి జవాబు కోసం కాచుకోవద్దు. నోటిఫికేషన్‌లో ముందు కనబడేది మొదటి వరుసే. ‘అన్నా, ఆదివారం పెళ్లికి కారు కావాలి. ఉదయం 6కి బయల్దేరతాం, నలుగురం. కుదురుతుందా?’ అని అడిగి చూడండి. ఒక్క మాటలో జవాబొస్తుంది.

అడగకముందే చెప్పండి

ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవారు ‘కొత్తావకాయ సిద్ధం, కావలసినవారు సంప్రదించండి’ అని స్టేటస్ పెడితే పదిమందీ అడిగేది ధరే. అడగడానికి మొహమాటపడేవాళ్లు అసలు కొనరు. ‘కొత్తావకాయ, నువ్వుల నూనెతో. కిలో 500, అరకిలో 260. శనివారంలోగా చెబితే సోమవారం కొరియర్ చేస్తాం’ అంటే సరుకు, ధర, గడువు, చేరే దారి అన్నీ వచ్చేశాయి.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. సరుకుల ఫొటోలు, ధరలు కేటలాగ్‌లో పెట్టుకోవచ్చు. రోజూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి ఉంచుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు. కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపి వాళ్లను విసిగిస్తే, మీ నంబరుతో పాటు బేరమూ పోతుంది.

డబ్బు దగ్గర ఒక్క జాగ్రత్త. చెల్లించినట్టు పంపిన స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వకండి, మీ ఖాతాలో పడిందో లేదో చూడండి. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టనక్కర్లేదు. ఎవరైనా కొట్టమంటే అది మోసమే.

తెలుగును తెలుగులోనే

ఇంగ్లిషు లిపిలో రాసిన తెలుగును పెద్దవాళ్లు కూడబలుక్కుని చదవాలి. ఫోన్ కీబోర్డులో తెలుగు ఎంచుకుని, మైకు నొక్కి మాట్లాడితే తెలుగు అక్షరాలు వాటంతటవే వస్తాయి. ఒకసారి సరిచూసి పంపండి. ఎస్సెమ్మెస్ పంపే వ్యాపారులు మాత్రం ఒక లెక్క గుర్తుంచుకోవాలి. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పడతాయి. పైగా ఒత్తులు, గుణింతాల గుర్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, అక్కడ ఆరు. 70 దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు.

కొన్ని మాటలు నోటితోనే

చావు కబురు విన్నప్పుడు గ్రూపులో మూడు పొడి అక్షరాలు వేసి ఊరుకోకండి, ఫోన్ చేయండి. అలిగిన తమ్ముడికైనా, సరుకు బాగాలేదన్న ఖాతాదారుకైనా మీ గొంతు వినబడాలి. కోపంలో రాసింది ఆ పూట పంపకండి. వాట్సాప్‌లో పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, తరువాత తొలగించనూ వచ్చు. కానీ ఈలోగా తీసిన స్క్రీన్‌షాట్ మీ చేతిలో ఉండదు. ఒకరి తప్పు వాళ్లకే విడిగా చెప్పండి, గ్రూపులో పరువు తీయకండి. వెంటనే జవాబివ్వలేకపోతే ‘చూశాను, రాత్రి 8కి చెబుతాను’ అనండి. ఎనిమిదింటికి తప్పకుండా చెప్పండి. నమ్మకం పెరిగేది అక్కడే.

ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. పంపే ముందు ప్రతి మెసేజ్‌నూ అందుకున్నది మీరే అనుకుని చదవండి. ఇంకేదైనా అడగాలనిపిస్తే ఆ జవాబు చేర్చండి. లేకపోయినా నష్టం లేదనిపించిన మాట తీసేయండి. అప్పుడు పంపండి.