రాయవాచకం: కర్త ఎవరు?

ప్రాచీన కవులు తమ పేరును, వంశాన్ని గ్రంథంలో చెప్పుకోవడం పరిపాటి. కాని 'రాయవాచకం' అనే వచన గ్రంథంలో రచయిత పేరు లేదు. శ్రీకృష్ణదేవరాయల రాజ్యపాలన, వేగులవారు తెచ్చిన వార్తలు, సుల్తానులతో యుద్ధం, కళింగ దండయాత్ర ఇందులోని ప్రధానాంశాలు. దీనిని 1914లో జయంతి రామయ్య పంతులు ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రికలో ప్రకటించారు.

ఈ గ్రంథం విన్నపం రూపంలో ఉంది. మధుర నాయకుడైన విశ్వనాథ నాయనికి, విజయనగరంలోని ఆయన స్థానాపతి రాయల విజయాలను నివేదించినట్లు కథ సాగుతుంది. విశ్వనాథుడు రాయల కాలంవాడు. కనుక ఈ స్థానాపతి యుద్ధాన్ని కళ్లారా చూసినవాడేనన్న అభిప్రాయం ఏర్పడింది. గ్రంథంలోని వాడుకభాష, రాచకార్యాల పరిభాష కూడా కర్త కొలువు మర్యాదలు ఎరిగినవాడని సూచిస్తాయి.

అయితే కాలగణన ఈ ఊహకు అడ్డు వస్తున్నది. బిజాపురం, అహమ్మదునగరం, గోల్కొండ సుల్తానులు ముగ్గురూ కలసి రాయలతో పోరాడారని, ఆ తరువాతనే కళింగ దండయాత్ర జరిగిందని గ్రంథం చెబుతుంది. కళింగ దండయాత్ర 1513లో మొదలైంది. దాని మధ్యలో, 1516లో రాయలు విశాఖపట్నం సమీపంలోని సింహాచల క్షేత్రంలో దానశాసనం వేయించాడు. గోల్కొండ స్వతంత్ర రాజ్యమైనది 1518లో అని సాధారణంగా చెబుతారు. సుల్తానులు కూటమి కట్టి విజయనగరాన్ని ఓడించినది 1565లో. ఆ పరాజయం ఎరిగిన తరంవాడే పూర్వవైభవాన్ని తలచుకొని ఇది రాసి ఉండాలి. ఫిలిప్ వాగనర్ 1993లో ప్రకటించిన పరిశోధనలో, గ్రంథం సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల కొలువులో పుట్టిందని నిర్ణయించాడు.

అప్పుడు స్థానాపతి కర్త కాడు, కర్త కల్పించుకొన్న పాత్ర. అంతమాత్రాన గ్రంథం విలువ తగ్గదు. ప్రత్యక్షసాక్షి రాస్తే అది వార్త. తరువాతి తరంవారు రాస్తే అది స్మృతి. రాజ్యం పోయినవారు తమ రాజును ఎలా తలచుకొన్నారో చెప్పే సాక్ష్యం ఇది. కర్త పేరు దొరకకపోయినా, అతని కాలం తెలిస్తేనే అతని మాటను ఎలా నమ్మాలో తెలుస్తుంది.

అర్థాలు
స్థానాపతి = రాజాస్థానంలో సామంతుని ప్రతినిధి
వేగులవారు = గూఢచారులు
విన్నపం = మనవి

ప్రశ్నలు
1. రాయవాచక కర్త ప్రత్యక్షసాక్షి అన్న ఊహకు ఆధారాలేవి?
2. ఆ ఊహను కాలగణన ఎలా ఖండిస్తున్నది?