పరస్థలమున ఏ.టి.ఎం. మోసములు: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

చెవిటికల్లు ప్రాంతపు రైతులు మిర్చి టిక్కీలను గుంటూరు యార్డునకు తోలుచుందురు. సరకు సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుటచే మూట కట్టుకొని వచ్చు భయము తగ్గినది గాని, దొంగయు ఏ.టి.ఎం. గదికి మకాము మార్చినాడు. ఏడాది కష్టము నిమిషములో పోవు విధమును సభ్యులకు తెలుపుట మా విధియని తలచి యీ పాఠమును వ్రాయుచున్నాము.

ఈ మోసములు ముఖ్యముగా మూడు తెరగులు.

మొదటిది కార్డు మార్పిడి. యంత్రము నెదుట తడబడువారిని చూచి, "బాబాయి గారూ, నేను తీసిపెట్టెదను" అని యొకడు దాపునకు వచ్చును. పిన్ను నంబరు తెలిసికొనును. సొమ్ము సరిగానే చేతబెట్టును. కార్డు మాత్రము అదే రంగుగల వేరొకటి యిచ్చును. చేతికి సొమ్ము వచ్చినది గనుక అనుమానము పుట్టదు. మిగిలిన సొమ్మును వాడు పిమ్మట తీసికొనును.

రెండవది నకలు. కార్డు దూర్చు సందునకు దొంగ పరికరము తగిలించి, కార్డు వెనుకనున్న నల్లపట్టీలోని వివరములను గ్రహింతురు. చిన్న కెమేరాతో నంబరును చూతురు.

మూడవది నోట్లు వచ్చు ద్వారమునకు అడ్డు పెట్టుట. యంత్రము చెడినదని రైతు వెడలిపోగానే అడ్డు తీసి సొమ్ము కాజేయుదురు.

వీనికి నివారణ కష్టము కాదు. పరస్థలమున బ్యాంకు శాఖను ఆనుకొనియున్న యంత్రమునకే, పనివేళలలో, ఇంటి మనిషిని తోడు తీసికొని పొండు. సందును వ్రేళ్లతో కదలించి చూడుడు. నంబరు నొక్కునపుడు రెండవ చేయి అడ్డు పెట్టుడు. పశువునకు ముద్ర వేసినట్లు కార్డు మూల నొక రంగుచుక్క పెట్టుకొనినచో, చదువురానివారును తమ కార్డును పోల్చుకొనగలరు. కార్డుగల ఖాతాలో ఖర్చునకు వలసినంతయే యుంచి, తక్కినది కార్డులేని ఖాతాలో నుంచుట మేలు.

మోసము జరిగెనా, సిగ్గుపడి దాచవలదు. తక్షణమే బ్యాంకునకు తెలిపి కార్డు నిలుపుదల చేయించి, 1930 నంబరునకు ఫోను చేయుడు. పిన్ను తానే చెప్పినవానికి, బ్యాంకునకు తెలుపువరకు కలిగిన నష్టము తనదే. తెలిపిన పిమ్మటి నష్టము బ్యాంకుదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఉత్తరువు చేసినది. కావున ఆలస్యమైన ప్రతి గడియయు రైతుకే నష్టము.

నోట్లు రాక ఖాతాలో మాత్రము సొమ్ము తగ్గినచో యంత్రపు చీటీని భద్రపరచి బ్యాంకునకు తెలుపుడు. అట్టి సొమ్మును 5 దినములలో తిరిగి జమకట్టవలెననియు, ఆపై దినమునకు 100 రూపాయలు పరిహార మీయవలెననియు 2019 నాటి ఉత్తరువు.

విత్తనపు గాదె తాళము దారిన పోవువాని కీయము గదా! పిన్ను నంబరును అట్టి తాళమే.