గాలి లేని కెరటం

మంచినీళ్లపేట ఒడ్డున ఒక్కోరోజు ఆకు కదలదు. కెరటాలు మాత్రం మనిషెత్తు లేస్తాయి. ఎందుకని?

అవి ఇక్కడ పుట్టినవి కావు. ఎక్కడో దక్షిణాన, హిందూ మహాసముద్రంలో గాలికి పుట్టాయి. రోజుల తరబడి నడిచి ఉద్దానం చేరాయి.

ఒడ్డు దగ్గర లోతు తక్కువ. అడుగున నేల అడ్డుతగిలి కెరటం నెమ్మదిస్తుంది. ఎత్తుగా లేచి విరిగి పడుతుంది. ఇసుక మేట మీద ముందే విరుగుతుంది. పక్కన కెరటం విరగని జాగా ఒకటి కనబడుతుంది. అక్కడ లోతెక్కువ. ఒడ్డుకొచ్చిన నీరు ఆ దారినే వెనక్కి పోతుంది. పడవకు అది మంచి దారే. స్నానానికి దిగిన పిల్లల్ని లాక్కుపోయేదీ అదే. లాగితే ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి.

మత్స్యకారులు పడవ తోసే ముందు నిలబడి చూస్తారు. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి. తర్వాత కాసేపు సద్దుమణుగుతుంది. ఆ సందులో తోస్తారు. అదను తప్పితే పడవ బోల్తాయే.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో పెట్టారు. కెరటాలు ఎంత ఎత్తు వస్తాయో అది ముందే లెక్కగట్టి చెబుతుంది. సెకన్ల లెక్క కూడా ఇస్తుంది. ఒక కెరటానికీ మరో కెరటానికీ మధ్య పట్టే సమయం అది. చాలామంది మీటర్లే చూస్తారు. 5 సెకన్లంటే దగ్గరి గాలి కెరటం. 15 సెకన్లంటే దూరం నుంచి వచ్చింది. లోపల 1 మీటరే ఉన్నా, ఒడ్డున ఇంకా లేస్తుంది.