బ్రహ్మదండి: ఉనికి, హాని

కొల్లాపూర్ ప్రాంతపు బీళ్లలో చలికాలము ముదిరిన దినములలో పసుపుపచ్చని పూలతో, తెల్లని ఈనెలుగల ముండ్ల ఆకులతో ఒక మొక్క కనబడును. దానిని బ్రహ్మదండి యనియు, ఆకులు కుసుమ ఆకులను పోలియుండుటచే పిచ్చికుసుమ యనియు పిలుతురు. గసగసాల కుటుంబమునకు చెందిన ఈ మొక్క పుట్టినిల్లు మెక్సికో. కాడను త్రుంచినచో పసుపుపచ్చని పాలు కారును.

నల్లమల దట్టపు నీడలో ఇది వర్ధిల్లదు. దీనికి కావలసినది ఎండ, కదిలిన నేల. దున్ని విడిచిన చేను, వాగు ఒడ్డు, నీరు తీసిన చెరువు శిఖము, కొత్తగా మట్టి పోసిన కట్ట, మామిడితోటలోని ఖాళీ జాగా దీని నెలవులు. అనగా మనుష్యుని చేయి పడిన చోటనే ఎక్కువగా పెరుగును. వానలు తగ్గిన పిమ్మట మొలచి, తల్లివేరును లోతుగా దింపి, ఎండలు ముదురునాటికి కాయలు పండించును. పశువులు ముట్టవు గనుక మేపుటచే తగ్గదు. ఒక్కొక్క కాయలో వందల గింజలుండును. నేలలో పడినవి ఏండ్ల తరబడి మొలక కొరకు వేచియుండగలవు.

ఆ గింజలే అసలు ప్రమాదము. నల్లగా, ఆవగింజంత ఉండుటచే ఆవాలలో కలిసిపోవును. వాని నూనెలోని సాంగ్వినారిన్ అను విషము వలన కాళ్లు వాచి, ఆయాసము కలిగి, గుండె దెబ్బతినును; కంటిలో నీటి ఒత్తిడి పెరిగి చూపు కూడ పోవచ్చును. 1998లో ఢిల్లీలో కలుషితమైన ఆవనూనె వలన 60 మందికి పైగా మరణించిరి. మనవైపు ఆవనూనె వాడకము తక్కువ. అయినను ఆవకాయకు ఆవపిండి పట్టని ఇల్లు ఎక్కడ? కొనిన ఆవాలను తెల్లని పళ్లెములో పరచి చూడవలెనని మేము గృహిణులకు చెప్పుచున్నాము. ఆవగింజ నున్నగా గుండ్రముగా ఉండును. బ్రహ్మదండి గింజ పైన వల వంటి గరుకు గీతలు కనబడును.

పంచాయతీ సభ్యులు చెరువుకట్టలు, బాటప్రక్కలు, శ్మశానభూములు చూచి, కాయ కట్టకమునుపే మొక్కలను వేరుతో పెరికించవలెను. పనివారి చేతులకు మందపు తొడుగులు ఉండవలెను. కాయ పండినవానిని ఎరువుగుంతలో గాని, కాలువలో గాని వేయరాదు, ఎండబెట్టి కాల్చవలెను. ఒకే ఇంట పలువురికి కాళ్లవాపు కనబడినచో ఆ నూనెను వెంటనే మానిపించి, కొంత సీసాలో దాచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను.