ల్యాబ్ ఉద్యోగానికి వెళ్తున్నారా? ఆల్కహాళ్ల పేర్లు సరిచూసుకోండి

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ పని లేక, ఆ చుట్టుపక్కల బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లు డిస్టిలరీలోనో ఫార్మా ల్యాబ్‌లోనో చేరాలనుకుంటే, ఇంటర్వ్యూకు ముందు ఒక పూట ఆల్కహాళ్లకు కేటాయించండి. స్టోర్‌లో ఒకే ద్రవం రెండు మూడు పేర్లతో కనిపిస్తుంది: ఐపీఏ అన్నా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అన్నా, ప్రొపన్-2-ఓల్ అన్నా ఒకటే.

పేరు పెట్టడం: ఓహెచ్ ఉన్న పొడవాటి కార్బన్ చైన్ తీసుకోండి. ఓహెచ్‌కు దగ్గరున్న చివర నుంచి నంబర్లు వేయండి. ఉదాహరణకు, మొలాసిస్ పులిసినప్పుడు ఇథనాల్‌తో పాటు కొద్దిగా ఫ్యూజెల్ ఆయిల్ కూడా వస్తుంది. అందులో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఆల్కహాల్. నాలుగు కార్బన్ల చైన్, మొదటిదాని మీద ఓహెచ్, మూడోదాని మీద మిథైల్. కాబట్టి దాని పేరు 3-మిథైల్‌బ్యూటన్-1-ఓల్.

తరగతి చెప్పడం: ఓహెచ్ ఉన్న కార్బన్‌కు ఇంకెన్ని కార్బన్లు తగిలి ఉన్నాయో చూడండి. ఒకటైతే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ. ఒక్కటీ లేని మిథనాల్‌ను ప్రైమరీలోనే కలుపుతారు. నాలుగు బ్యూటనాళ్లనూ కాగితం మీద గీసి చూడండి: బ్యూటన్-1-ఓల్, 2-మిథైల్‌ప్రొపన్-1-ఓల్ ప్రైమరీ, బ్యూటన్-2-ఓల్ సెకండరీ, 2-మిథైల్‌ప్రొపన్-2-ఓల్ టెర్షియరీ. లూకాస్ రియేజెంట్ కలిపితే టెర్షియరీ వెంటనే మసకబారుతుంది. సెకండరీకి ఐదు నిమిషాల దాకా పడుతుంది. ప్రైమరీ వేడి చేయకుండా మసకబారదు.

ఎక్కువమంది తడబడేది గ్లిజరాల్ దగ్గర. మూడు ఓహెచ్‌లు ఉన్నాయి కదా అని టెర్షియరీ అనేస్తారు. ఓహెచ్‌ల సంఖ్యను బట్టి అది ట్రైహైడ్రిక్. తరగతి మాత్రం ఒక్కో ఓహెచ్‌కు విడిగా చెప్పాలి: చివరి రెండూ ప్రైమరీ, మధ్యది సెకండరీ.

ఉద్యోగంలో చేరాక ఇండెంట్‌లో వట్టి 'ప్రొపనాల్' అని రాయకండి. పక్కన క్యాస్ నంబరు వేయండి: ప్రొపన్-1-ఓల్‌కు 71-23-8, ప్రొపన్-2-ఓల్‌కు 67-63-0. మిథనాల్ (67-56-1), ఇథనాల్ (64-17-5) రెండూ రంగులేని ద్రవాలే. మిథనాల్ చూపు పోగొట్టే విషం. వాసన చూసి తేల్చుకుందామనుకోవద్దు, లేబుల్ మీద నంబరు చదివాకే మూత తీయండి.