పాల పళ్లు, బోరు నీళ్లు – చంటిపిల్లల దంతరక్షణ

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని చిన్నప్పటి నుండి చదువుకుంటున్నాము. చిట్యాల, నార్కట్‌పల్లి, రామన్నపేట, మునుగోడు వైపు పల్లెల నుండి వచ్చి హాస్టల్‌లో చదువుకునే మాకు, పళ్ల గురించి ఎవరు మాట్లాడినా చివరికి వినిపించే జవాబు ఒక్కటే – "ఫ్లోరైడ్ నీళ్లు గదా, ఏం జేస్తం!" ఈ మాటలో సగమే నిజం. మిగతా సగాన్ని నమ్మి ఊరుకోవడం వల్ల రెండు, మూడేళ్ల పిల్లల పళ్లు పుచ్చిపోతున్నాయి. అందుకే ఈ వ్యాసంలో చంటిపిల్లల పళ్లు ఎందుకు పుచ్చుతాయో, ఉమ్మడి నల్లగొండ జిల్లా వాసులుగా మనం ఏ జాగ్రత్తలు తీసుకోవాలో వివరిస్తున్నాము.

గార వేరు – పిప్పి వేరు

ఫ్లోరైడ్ వల్ల వచ్చే గార, పన్ను చిగురులోపల తయారయ్యేటప్పుడే పడుతుంది. పన్ను బయటికి వచ్చేసరికే సుద్దలాంటి తెల్లని చారలు, పసుపు లేదా గోధుమరంగు మచ్చలు ఉంటాయి. అవి కుడిపక్కన, ఎడమపక్కన ఒకే తీరుగా కనిపిస్తాయి. ఎంత తోమినా పోవు.

పిప్పి అలా కాదు. మంచిగా మొలిచిన పన్ను తర్వాత పాడవుతుంది. పైగా గార ఎక్కువగా కనిపించేది ఆరేళ్ల తర్వాత వచ్చే శాశ్వత దంతాల మీద. పాల పళ్ల మీద తక్కువ. కాబట్టి రెండేళ్ల పాప పై ముందు పళ్లు నల్లబడి అరిగిపోతుంటే, అది చాలావరకు పిప్పే కాని నీళ్ల దోషం కాదు. గార బాగా ముదిరి గుంటలు పడిన పళ్లలో తిండి ఇరుక్కుంటుంది కనుక అవి కూడా పుచ్చుతాయి. ఫ్లోరైడ్ ఊరు గనుక పిప్పి రాదని అనుకోరాదు.

పిప్పి ఎలా వస్తుంది?

"పన్నుకు పురుగు పట్టింది" అంటారు మన పెద్దలు. నిజానికి పురుగేమీ ఉండదు. నోటిలోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. నోటిలో పి.హెచ్. విలువ 5.5 కంటే తగ్గితే దంతం మీది పింగాణి పొర కరగడం మొదలవుతుందని పదవ తరగతి పాఠంలో చదువుకున్నదే. పాల పళ్లకు ఈ పొర పలుచన. అందుకే త్వరగా పాడవుతాయి.

పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోయే పిల్లలకు ముప్పు ఎక్కువ. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. తీపి పాలు రాత్రంతా పై పళ్ల చుట్టూ నిలిచి ఉంటాయి. కింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది కనుక అవి చివరికి గాని పాడవవు. మొదట చిగురు పక్కన సుద్దరంగు గీత కనిపిస్తుంది. ఆ దశలో జాగ్రత్తపడితే పన్ను మళ్లీ గట్టిపడుతుంది. గుంట పడితే మాత్రం డాక్టరే దిక్కు.

"పాల పండ్లే గదా, ఊడిపోతయి" అనడం సరికాదు. పాల పళ్లు 20. వెనుక దవడ పాల పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉంటాయి. అవి ముందే పోతే తర్వాతి పళ్లు వంకరగా వస్తాయి. నొప్పితో పిల్లలు తినరు, నిద్రపోరు, బరువు పెరగరు.

ఫ్లోరైడ్ మంచిదా, చెడ్డదా?

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో గోధుమరంగు పళ్లు చూసి మెకే అనే దంతవైద్యుడు 1901 నుండి కారణం వెదికాడు. అది నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే గార పెద్దగా పడకుండా పిప్పి తగ్గుతుందని గమనించి, 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీళ్లలో ఫ్లోరైడ్‌ను కావాలని కలిపారు. ఇక్కడ మన కథ తలకిందులు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోవడాన్ని షార్ట్ బృందం ప్రకటించింది. మన గ్రానైటు రాళ్ల నుండి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి దిగుతుంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఎండలకు మనం తాగే నీళ్లు ఎక్కువ గనుక అంతకంటే తక్కువ ఉండడమే మేలు.

మనం చేయవలసినవి

పిప్పిని, గారను రెండింటినీ ఆపే పనులు చాలావరకు ఒక్కటే కావడం మన అదృష్టం.

1. ఆరు నెలల దాకా తల్లిపాలే. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగినా ఆమె పాలలోకి ఫ్లోరైడ్ చాలా తక్కువగా వస్తుంది. డబ్బాపాల పొడిని బోరు నీళ్లతో కలిపితే ఫ్లోరైడ్ నేరుగా బిడ్డకు పోతుంది.

2. కాచిన నీళ్లయితే మంచివే అనుకోవద్దు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కనవుతుంది. మామూలు కొవ్వొత్తి ఫిల్టరు కూడా దాన్ని తీయదు.

3. శాశ్వత ముందు పళ్ల పింగాణి ఎక్కువగా మొదటి మూడు నాలుగేళ్లలోనే తయారవుతుంది. ఇంట్లో మంచినీళ్లు కొన్నే ఉంటే ముందు చంటిబిడ్డకు, వాళ్ల అన్నం వండడానికి వాడాలి.

4. చాయ్ వద్దు. చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం మన ఇండ్లలో మామూలే. తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది, చాయ్‌లో చక్కెర ఉంటుంది. ఒక్క కప్పులో రెండు నష్టాలు.

5. సీసాతో నిద్రపుచ్చవద్దు. ఏడాది నిండేసరికి గ్లాసుతో తాగడం నేర్పాలి. పాలపీకను చక్కెరలో అద్దవద్దు. అంగన్‌వాడీ బాలామృతం తిన్నాక రెండు గుక్కల నీళ్లు తాగించాలి.

6. మొదటి పన్ను సుమారు ఆరు నెలలకు వస్తుంది. ఆ రోజు నుండే తడి మెత్తని గుడ్డతో ఉదయం, రాత్రి తుడవాలి. తర్వాత చిన్న మెత్తని బ్రష్. బొగ్గు, ఇటుకపొడి వద్దు, అవి పింగాణిని అరగదీస్తాయి.

7. మూడేళ్ల లోపు పిల్లలకు పేస్టు బియ్యపు గింజంత చాలు, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. మింగనివ్వరాదు. బోరు నీళ్లే తాగే ఇంట్లో ఏ పేస్టు వాడాలో దంతవైద్యుని అడగాలి.

8. తల్లి నమిలిన ముద్ద బిడ్డకు పెట్టరాదు. బాక్టీరియా అలా కూడా చేరుతుంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలతో కాల్షియం అందాలి.

ఎవరిని అడగాలి?

మిషన్ భగీరథ పైలాన్ 2015లో మన పక్కనే చౌటుప్పల్‌లో వెలిసింది. నల్లా నీళ్లు వచ్చిన ఇండ్లలో కూడా "రుచి లేదు" అని బోరు నీళ్లే తాగేవారున్నారు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. అనుమానం ఉంటే నీళ్లను పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చినప్పుడు పిల్లల పళ్లు చూపించవచ్చు. నార్కట్‌పల్లిలో దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మొదటి పుట్టినరోజు లోపలే ఒకసారి చూపించడం మంచిది.

సోదర విద్యార్థులారా! మా పళ్ల మీద పడిన గార మేము తోమితే పోయేది కాదు. కాని మా అక్కల పిల్లలకు, మా చెల్లెళ్లకు, తమ్ముళ్లకు అది రాకుండా చూడగలము. ఈ హాస్టల్‌లో చదివి తల్లిదండ్రులైన మా పూర్వ విద్యార్థులు కూడా తమ ఇండ్లలో ఈ పని మొదలుపెట్టాలి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు చంటిపాప పై పెదవి మెల్లగా ఎత్తి చూడండి. చిగురు పక్కన తెల్ల గీత కనిపిస్తే వదినకో, అక్కకో చెప్పి ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. మనం చదివిన చదువు మన ఇంటికి ఆ విధంగానైనా ఉపయోగపడాలని కోరుకుంటున్నాము.