ఆముక్తమాల్యద: కఠినకావ్యము, భక్తపాఠకుడు

ధనుర్మాసమున తిరుప్పావై పఠించు గృహములలో గోదాదేవి కథను తెలుగున చదువగోరువారు ఆముక్తమాల్యదను చేతబట్టుట సహజము. పెక్కుమంది మొదటి ఆశ్వాసమైన దాటక దానిని మరల అలమారులో పెట్టుదురు. ఇది భక్తిలోపము కాదు. శ్రీకృష్ణదేవరాయలు (పాలనము 1509-1529) పాఠకునకు ఎదురువచ్చి చేయిపట్టి నడిపించు కవి కాడు. సమాసము దీర్ఘము, అన్వయము దూరము, మాట అపూర్వము. పైగా గోద జననమే పంచమాశ్వాసమున గాని రాదు. అంతవరకు విష్ణుచిత్తుడు, ఖాండిక్య కేశిధ్వజులు, యామునాచార్యుడు, నడుమ ఋతువర్ణనలు. అమ్మవారి కొరకు వచ్చినవానికి విసుగు పుట్టక మానదు.

విసుగును మించినది ఒక శంక. మధురలో పాండ్యరాజు సభకు వాదమునకు పొమ్మని స్వామి ఆజ్ఞాపించినపుడు విష్ణుచిత్తుడు, తాను శాస్త్రగ్రంథములు చదువనివాడననియు, తోట త్రవ్వి త్రవ్వి చేతులు కాయలు కాచిన దాసుడననియు విన్నవించుకొనును. చదువు లేదను ఆ మాటను ఆయన చెప్పునది పండితులే తడబడునంతటి సంస్కృత సమాసముతో! తొలిసారి చదువరికి ఇది హాస్యాస్పదముగా తోచును. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని రెండవసారి చదివినపుడు అర్థము తెలియును గాని శంక తీరదు. ఆ పద్యమును గొంతెత్తి చదివిననాడు సంగతి వేరు. అందు ఖకారములు ఒకదానివెంట నొకటి పడుచుండును. గట్టినేలపై గునపము దెబ్బలవలె వినబడును. విష్ణుచిత్తుని పాండిత్యముగా తోచినది ఆయన చేతిపనియే అయినది.

అటుపిమ్మట విడిచిన తావులే పిలుచును. శ్రీవిల్లిపుత్తూరి పొలముల కాలువలలో తలలను రెక్కలలో దూర్చి బాతులు నిద్రించుచుండగా, తలారులు వానిని స్నానము చేసి పోయిన బ్రాహ్మణులు మరచిన తడిబట్టల ఉండలనుకొని రేవున దిగుదురు; బాతులు పరుగెత్తును, వరిచేల కావలి పడుచులు నవ్వుదురు. ఇంతటి తేటయైన దృశ్యము మొదటి ఆశ్వాసముననే కలదు. విష్ణుచిత్తుని ఇంట నడురేయి ఆలకించినచో భగవత్కథలతోపాటు, కూరలు ఎక్కువ లేవు, వేడి లేదు, పిండివంట లేదు, దయతో ఆరగింపుడను మాటలు వినబడునట. ఆ మాటలను రాయలు సంస్కృతముననే పలికించినాడు. నానాదేశముల నుండి వచ్చు అతిథులకు అదియే గదా ఉమ్మడి భాష.

అట్లని కవి కాఠిన్యమంతయు గుణమే యనరాదు. గ్రీష్మవర్ణనలో కల్పనపై కల్పన పేర్చుచు ఊపిరాడనీయని తావులు కలవు. అచ్చట వేదము వేంకటరాయశాస్త్రిగారి సంజీవనీవ్యాఖ్య లేనిదే చదువు సాగదు. నచ్చనిచో దాటిపోవుట దోషము కాదు.

చదువరి తుదకు నిలుచునది మాలదాసరి కథకడ. ఆతడు శాస్త్రము నెరిగినవాడు కాడు. స్వామికి పాట వినిపించి వచ్చెదనని బ్రహ్మరాక్షసునకు మాట యిచ్చి, కురుంగుడిలో పాడి, తిన్నగా మరలి వచ్చి ఆ రాక్షసుని యెదుట తన దేహము నుంచును. రాక్షసుడు తినడు, ఆ పాట ఫలమును వేడుకొనును.